‘ఫ్లైట్ ఆఫ్ ది ఫీనిక్స్’ (1965): బొమ్మ విమానాల ఇంజనీరును నమ్మవచ్చా?

ప్రశ్న
పాలిటెక్నిక్ లెక్చరర్, విజయనగరం

రాబర్ట్ ఆల్డ్రిచ్ దర్శకత్వంలో 1965లో వచ్చిన ‘ది ఫ్లైట్ ఆఫ్ ది ఫీనిక్స్’ చిత్రాన్ని ఈ మధ్య మా డిప్లొమా చివరి సంవత్సరం విద్యార్థులకు చూపించాను. లిబియా చమురు క్షేత్రాల నుంచి మనుషులను, సామగ్రిని బెంగాజీకి చేరవేస్తున్న పాత రవాణా విమానం ఒకటి ఇసుక తుఫానులో చిక్కుకుంటుంది. కార్బ్యురేటర్లలోకి ఇసుక చేరి రెండు ఇంజన్లూ ఆగిపోవడంతో ఎడారి మధ్యలో కూలిపోతుంది. బతికినవారికి తినడానికి ఖర్జూరాలున్నాయి గానీ నీళ్లు కొద్ది రోజులకు మించి రావు. వారిలో ఉన్న హైన్రిచ్ డార్ఫ్‌మన్ అనే జర్మన్, తాను విమానాల డిజైనరునని చెప్పుకుని, విరిగిన భాగాలతోనే ఒంటి ఇంజన్ విమానం కట్టవచ్చని లెక్కలు వేసి చూపిస్తాడు. పైలట్ ఫ్రాంక్ టౌన్స్ ఆ ఆలోచనను కొట్టిపారేసినా, చేతికి పని, మనసుకు ఆశ ఉండటమే మేలని తక్కినవారు నచ్చజెప్పడంతో అయిష్టంగానే ఒప్పుకుంటాడు. చిత్రం చూడనివారు దయచేసి ఇక్కడ ఆగి, చూసిన తరువాత ఈ చర్చకు రండి. నేను అడగబోయేది కథలోని గుట్టు గురించే.

పని ముగింపుకు వచ్చిన దశలో, డార్ఫ్‌మన్ పనిచేసే కంపెనీ పిల్లలూ ఔత్సాహికులూ ఎగరేసే నమూనా విమానాలు తయారుచేసేదని, అతను మనుషులెక్కే విమానం ఒక్కటీ గీయలేదని టౌన్స్‌కూ నావిగేటర్ మోరన్‌కూ తెలుస్తుంది. సరిగ్గా ఆ చోటే మా తరగతిలో సగం మంది నవ్వేశారు. తరువాత వాళ్లు నాతో వాదించిన దాని సారాంశం ఏమిటంటే, అంతవరకు నమ్మకంగా నడిచిన కథను దర్శకుడు ఒక మలుపు కోసం పాడుచేశాడని. నమూనాలో సరిదిద్దడానికి పైలట్ ఉండడు కనుక దాన్ని మరింత కచ్చితంగా గీయాలని డార్ఫ్‌మన్ ఇచ్చుకున్న సమర్థన నాకు తర్కబద్ధంగానే తోచింది కానీ, విద్యార్థుల ముందు దానిని గట్టిగా నిలబెట్టి చెప్పగలిగినంత విమాన శాస్త్రం నాకు రాదు.

అందువల్ల తెలిసినవారిని అడుగుతున్నాను. డార్ఫ్‌మన్ వాదన సాంకేతికంగా నిలుస్తుందా? తెర మీద ఎగిరిన ఆ యంత్రం నిజంగా ఎగిరిందా, లేక కెమెరా మాయా? చివర్లో టౌన్స్ డార్ఫ్‌మన్ మాట కాదని, ఇంజన్‌ను తిప్పి మొదలుపెట్టే స్టార్టర్ తూటాల్లో ఒకదాన్ని ఖాళీగా కాల్చేయడం పైలట్ అహంకారమా, అనుభవమా? ‘సినిమా కదా, అంత లోతుగా చూడనక్కరలేదు’ అనే సమాధానం మాత్రం దయచేసి ఇవ్వవద్దు. అది మా పిల్లలు ముందే ఇచ్చేశారు.

జవాబు
వైమానిక దళ విశ్రాంత టెక్నీషియన్, ఆమదాలవలస

మాస్టారూ, ముందుగా ఆ విమానం గురించి చెప్పాలి, ఎందుకంటే సగం జవాబు దాని ఆకారంలోనే ఉంది. చిత్రంలో కూలినది ఫెయిర్‌చైల్డ్ కంపెనీ సీ-82 ప్యాకెట్. దాని తరువాతి రూపమైన సీ-119ని మన వైమానిక దళం 1950ల నుంచి 1980ల వరకు నడిపింది. 1962లో లడఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీలో దిగినది ఆ ప్యాకెట్టే. ఎత్తైన కొండల మీద శక్తి చాలడం లేదని దాని వీపు మీద ఒక ఓర్ఫియస్ జెట్ ఇంజన్‌ను అదనంగా అమర్చి మరీ నడిపారు. ఉన్న విమానానికి లేని ఇంజన్ తగిలించడమన్న మాట వినగానే మీ విద్యార్థులు నవ్వవచ్చు, కానీ అది మన దగ్గరే జరిగిన పని.

ప్యాకెట్‌కు మధ్యలో సరుకు పెట్టే డబ్బా లాంటి శరీరం ఉంటుంది. దానికి రెండు వైపులా, ఒక్కొక్క ఇంజన్ వెనుక నుంచి తోక దాకా బూమ్ అనే పొడవైన, సన్నని భాగం సాగుతుంది. అంటే ఇంజను, దాని వెనుక సన్నని దేహం, చివర చుక్కాని ఒకే వరుసలో ముందే అమర్చి ఉన్నాయి. మధ్య డబ్బాను వదిలేస్తే, ఎడమ ఇంజనూ ఎడమ బూమూ కలిసి ఒంటి ఇంజన్ విమానపు దేహంగా నిలబడతాయి. ఎడమ రెక్క బయటి భాగం దానికి ఎలాగూ ఉంది. కుడి రెక్క బయటి భాగాన్ని మోసుకొచ్చి కుడివైపున బిగించాలి. కుడి రెక్కను కుడి రెక్కగానే వాడుతున్నారు కనుక దాని వంపు తలకిందులయ్యే సమస్య లేదు. కూలినది డకోటా లాంటి మామూలు రెండింజన్ల రవాణా విమానం అయి ఉంటే డార్ఫ్‌మన్ ఎంత మేధావి అయినా చేయగలిగింది శూన్యం, ఎందుకంటే అందులో ఇంజన్లు రెక్కలకు, తోక శరీరానికి ఉంటాయి. కథ కోసం ఈ విమానాన్ని ఎంచుకోవడంలోనే తెలివి ఉంది.

ఇక నమూనా విమానం సంగతి. స్వేచ్ఛగా వదిలే నమూనాలో పైలట్ ఉండడు. గాలి వచ్చి ఒక రెక్కను పైకి లేపినా, ముక్కును కిందికి వంచినా, దాన్ని సరిదిద్దే చెయ్యి లేదు. కనుక తనంతట తానే తిరిగి సమస్థితికి వచ్చే గుణం దాని ఆకారంలోనే ఉండాలి. బరువు కేంద్రం ఎక్కడ పడాలి, తోక ఎంత దూరంలో ఎంత వైశాల్యంతో ఉండాలి, రెక్కలు ఎంత కోణంలో పైకి లేచి ఉండాలి అన్నవన్నీ ముందే తేలకపోతే నమూనా పది గజాలు కూడా పోదు. మనిషి ఎక్కే విమానంలో చిన్న లోపాలను పైలట్ తన నైపుణ్యంతో కప్పిపుచ్చుతాడు. డార్ఫ్‌మన్ చెప్పేది ఇదే, అందులో తప్పు పట్టడానికి లేదు.

అయితే తప్పు పట్టవలసిన చోటు వేరే ఉంది, అక్కడ మీ పిల్లలు నవ్వలేదు. ఆకారాన్ని పెద్దది చేస్తే బరువు పొడవుకు ఘనంగా పెరుగుతుంది, దాన్ని మోసే దూలం అడ్డుకోత వర్గంగానే పెరుగుతుంది. నమూనాలో బిగింపుల బలం పెద్ద సమస్య కాదు; ఇక్కడ రెక్క మొదట్లో పడే వంపు ఒత్తిడే ప్రాణం తీసేది. అందులోనూ మనుషులు రెక్కల మీద పడుకుని ప్రయాణిస్తారు. స్థిరత్వం విషయంలో డార్ఫ్‌మన్‌ను కళ్లు మూసుకుని నమ్ముతాను గానీ, ఆ బిగింపులను మాత్రం ఒక్కొక్కటిగా చేత్తో తడిమి చూడకుండా ఎక్కను.

తెర మీద ఎగిరినది నిజమైన యంత్రమే, కానీ సీ-82 ముక్కలతో కట్టినది కాదు. ఓటో టిమ్ అనే పాతతరం డిజైనరు దాన్ని రూపొందించాడు. టీ-6 శిక్షణ విమానం నుంచి చక్రాలు, బీచ్‌క్రాఫ్ట్ నుంచి రెక్కలు తీసుకుని, కొత్తగా చేసిన దేహానికి తగిలించారు. ఇంజన్ ప్రాట్ అండ్ విట్నీ వారిది. హాలీవుడ్‌లో పేరు మోసిన పైలట్ పాల్ మాంట్జ్ దాన్ని నడిపాడు. 1965 జూలై 8న అరిజోనాలోని యూమా దగ్గర ఇసుక ప్రాంతంలో, నేలను తాకి మళ్లీ పైకి లేచే దృశ్యం తీస్తుండగా విమానం మధ్యకు విరిగి మాంట్జ్ చనిపోయాడు. వెనుక ఉన్న స్టంట్‌మన్ బాబీ రోజ్‌కు తీవ్ర గాయాలయ్యాయి. మిగిలిన దృశ్యాలకు ఓ-47 అనే పాత విమానానికి మార్పులు చేసి వాడుకున్నారు. చిత్రం చివర మాంట్జ్‌ను స్మరిస్తూ వచ్చే వాక్యం మీ విద్యార్థులు చూశారో, అప్పటికే లేచి వెళ్లిపోయారో.

జవాబు
గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన పైపింగ్ సూపర్‌వైజర్, కంచిలి

పై సార్ యంత్రం గురించి చెప్పవలసినది చెప్పేశారు కనుక నేను మనుషుల గురించి రాస్తాను. మా ఇచ్ఛాపురం, సోంపేట, కంచిలి వైపు ఊళ్ల నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, రిగ్గర్లుగా గల్ఫ్‌కు వెళ్లినవారు ఇంటికొకరు కనిపిస్తారు. ఈ చిత్రాన్ని మొదటిసారి ఎడారి క్యాంపులోనే చూశాను. నా పక్కన కూర్చున్నవారికి బొమ్మ విమానాల సంగతి వింతగా తోచలేదు. ఎందుకో చెబుతాను.

మా పనిలో సర్టిఫికెట్ చూసి ఎవరూ వెల్డర్‌ను లైను మీద పెట్టరు. ముందు టెస్టు ఉంటుంది. పైపును ఏటవాలుగా బిగించి, తిప్పడానికి వీలు లేకుండా, చుట్టూ తిరిగి అతుకు వేయమంటారు. ఆ అతుకును ఎక్స్‌రే తీస్తారు. అందులో పాసయ్యాక, అతను నిన్నటిదాకా ఊళ్లో ఇనుప గేట్లు చేశాడా, షిప్‌యార్డులో పనిచేశాడా అన్నది ఎవరికీ పట్టదు. కనుక లెక్చరర్ గారూ, డార్ఫ్‌మన్ నమూనాలు చేసేవాడు కావడం నాకు లోపంగా కనిపించలేదు. అతన్ని ఎవరూ టెస్టు పెట్టకపోవడం లోపం. అతను గట్టిగా మాట్లాడాడు, కాగితం మీద గీతలు గీశాడు, ఎవరి మొహమూ చూడకుండా ఆజ్ఞలిచ్చాడు. దానితోనే అతనికి అంతా తెలుసునని అందరూ అనుకున్నారు. టౌన్స్ ఒక్కడే చివరిదాకా అనుమానించాడు, అతని అనుమానానికీ శాస్త్రం ఆధారం కాదు, చదువుకున్న కుర్రాడి మీద పాత పనివాడి చిరాకు. ఇలాంటి జంటను ప్రతి సైటులోనూ చూడవచ్చు: డ్రాయింగ్ పట్టుకుని వచ్చిన ఇంజనీరు ఒకవైపు, ముప్పై ఏళ్ల అనుభవమున్న ఫోర్‌మన్ మరోవైపు. ఒకరి పని రెండోవారు లేకపోతే నడవదని ఇద్దరికీ తెలిసినా నోటితో ఒప్పుకోరు.

నీళ్ల దొంగతనం ఘట్టాన్ని కూడా దీనితో కలిపి చూడండి. రేషన్ నీళ్లు తాగుతున్నది తానేనని డార్ఫ్‌మన్ ఒప్పుకుంటూ, తక్కినవారికన్నా ఎక్కువ పనిచేస్తున్నాను కనుక తనకు ఎక్కువ కావాలంటాడు. శరీరానికి సంబంధించినంతవరకు అది అబద్ధం కాదు. ఎండలో బరువు పని చేసేవాడికి నీడలో కూర్చున్నవాడికన్నా ఎన్నో రెట్లు నీళ్లు కావాలి. అందుకే చిత్రంలో రాత్రిపూట పని పెట్టుకుంటారు, అది చాలా సరైన నిర్ణయం. కానీ అడగకుండా తాగడం క్యాంపులో క్షమించే నేరం కాదు. లెక్కలు సరిగ్గా వేసేవాడు మనుషుల లెక్క తప్పుతాడని చూపడానికి ఇంతకన్నా మంచి సన్నివేశం ఎవరు రాయగలరు?

నడిచి వెళ్లడమా, విమానం దగ్గరే ఉండటమా అన్న విషయంలో ఈ చిత్రం చెప్పేది నిజానికి దగ్గరగా ఉంది. ప్రయాణికుల్లో ఉన్న సైనికాధికారి కెప్టెన్ హారిస్ సహాయం కోసం కాలినడకన బయలుదేరుతాడు, ఫలితం ఉండదు. అతని వెనుక వెళ్లిన కాబ్ ఎడారిలోనే చనిపోతాడు. అదే లిబియా ఎడారిలో 1943 ఏప్రిల్‌లో ‘లేడీ బీ గుడ్’ అనే అమెరికన్ బీ-24 బాంబర్ దారి తప్పింది. సిబ్బంది తొమ్మిది మంది, సముద్రం దగ్గరలోనే ఉందనుకుని ప్యారాచూట్లతో దూకారు. ఒకరు దూకినప్పుడే చనిపోగా, తక్కిన ఎనిమిది మంది చేతిలో ఉన్న కొద్దిపాటి నీళ్లతో ఉత్తరం వైపు నడిచారు. ఒక్కరూ బతకలేదు. ఖాళీ విమానం మాత్రం తనంతట తానే నేలకు దిగి పెద్దగా చెడకుండా పడి ఉంది. 1958లో చమురు కోసం వెతికేవారి కంటపడింది, తరువాత వెళ్లి చూసినప్పుడు అందులో ఇంకా నీళ్లూ, పనిచేసే రేడియో ఉన్నాయి. దానికి విరుద్ధమైన ఉదాహరణ కూడా చెప్పాలి: 1972లో ఆండీస్ మంచు కొండల్లో కూలిన ఉరుగ్వే విమానం నుంచి 72 రోజుల తరువాత 16 మంది బయటపడ్డారంటే, ఇద్దరు యువకులు కొండలు దాటి నడిచి వెళ్లి కబురు చేరవేయడమే కారణం. అయితే అక్కడ దాహానికి మంచు ఉంది.

ఒక విషయంలో మాత్రం ఈ చిత్రం నన్ను బాధించింది. సమీపంలో విడిది చేసిన అరబ్బుల దగ్గరకు హారిస్, డాక్టర్ రెనో మాట్లాడటానికి వెళితే మరుసటి రోజు వారి శవాలే కనిపిస్తాయి. ఆ అరబ్బులకు ఒక్క మాటా, ఒక్క మొహమూ ఇవ్వలేదు. ఫ్రెంచి రచయిత, పైలట్ సాంతెగ్జుపెరీ 1935 డిసెంబరు చివర అదే ఎడారి ప్రాంతంలో తన మెకానిక్‌తో సహా కూలిపోయినప్పుడు, దాహంతో చావుకు దగ్గరపడిన ఆ ఇద్దరికీ నీళ్లు పట్టి కాపాడినవాడు ఒంటె మీద వచ్చిన ఒక బెదూయిన్. ఎడారిలో పనిచేసిన నాకు రెండోదే నిజానికి దగ్గరగా అనిపిస్తుంది.

జవాబు
తెలుగు ఉపాధ్యాయిని, బొబ్బిలి

విమాన శాస్త్రం నాకు తెలియదు కానీ, ఆ గుట్టు కథలో అంత ఆలస్యంగా ఎందుకు బయటపడిందన్న ప్రశ్నకు నాటకం తెలిసినవారు జవాబు చెప్పగలరని రాస్తున్నాను. డార్ఫ్‌మన్ వృత్తి ఏమిటో మొదట్లోనే తెలిసి ఉంటే ఎవరూ సుత్తి పట్టుకునేవారు కాదు. సగంలో తెలిసి ఉంటే పని ఆగిపోయేది. దాదాపు పూర్తయిన తరువాత తెలిసింది కనుక టౌన్స్‌కూ మోరన్‌కూ ఇక మిగిలినది ఒకటే దారి, తెలిసిన నిజాన్ని దిగమింగి పని కొనసాగించడం. మీ విద్యార్థులు మలుపు అనుకున్నది నా దృష్టిలో కథ అసలు పరీక్ష. కంచిలి సోదరులు చెప్పిన టెస్టు డార్ఫ్‌మన్‌కు జరగలేదు, నిజమే. అది ఆ ఇద్దరికి జరిగింది. ఆ ఘట్టంలో మోరన్ నవ్వు చూడండి, మీ తరగతిలో పిల్లలు నవ్విన నవ్వే అది, కాకపోతే నవ్వుతున్నవాడి ప్రాణం ఆ విమానం మీద ఆధారపడి ఉంది.

మోరన్ పాత్రధారి రిచర్డ్ అటెన్‌బరో. మన దేశంలో ఆయనను 1982 నాటి ‘గాంధీ’ దర్శకుడిగా ఎరుగుదుము. సత్యజిత్ రాయ్ ‘శత్రంజ్ కే ఖిలాడీ’లో ఆంగ్లేయ అధికారిగానూ నటించారు. ఇందులో తాగుడుకు అలవాటు పడిన, మాట తడబడే నావిగేటర్‌గా, రెండు అహంకారాల మధ్య నలిగిపోతూ ఇద్దరినీ ఒక దారికి తెచ్చే పాత్రలో ఆయన నటన నాకు తక్కిన అందరికన్నా మిన్నగా కనిపించింది. ఆస్కార్ ప్రతిపాదన మాత్రం వెటకారపు మాటల క్రో పాత్ర వేసిన ఇయన్ బానెన్‌కు వచ్చింది. ఎడిటింగ్‌కు మరొకటి వచ్చింది. టౌన్స్‌గా వేసిన జేమ్స్ స్టూవర్ట్ రెండో ప్రపంచ యుద్ధంలో బీ-24 బాంబర్లు నడిపిన నిజమైన పైలట్. డార్ఫ్‌మన్‌గా వేసిన హార్డీ క్రూగర్‌ను పదహారేళ్ల వయసులో నాజీ సైన్యంలోకి లాగారు. ఆ యుద్ధం ముగిసి ఇరవై ఏళ్లు నిండుతున్న సమయంలో, ఒక అమెరికన్ పైలట్ ఒక జర్మన్ గీసిన విమానాన్ని నమ్మి నడపడం అప్పటి ప్రేక్షకులకు కేవలం సాహస కథగా కనిపించి ఉండదు. అయినా చిత్రం డబ్బులు చేసుకోలేదు. దాదాపు రెండు గంటల ఇరవై నిమిషాల నిడివిలో ఆడమనిషి అంటే ఎండదెబ్బ తిన్న మనసుకు కనిపించే నర్తకి ఒక్కతే. ఆ పాట ముక్క లేకపోయినా నష్టమేమీ లేదు.

జవాబు
డిగ్రీ విద్యార్థి, శ్రీకాకుళం

ఇదే కథతో 2004లో వచ్చిన రెండో చిత్రాన్ని ముందు చూస్తే సరిపోతుందా? రంగులూ గ్రాఫిక్సూ బాగున్నాయని విన్నాను.

జవాబు
తెలుగు ఉపాధ్యాయిని, బొబ్బిలి

సరిపోదు బాబూ. పాత చిత్రమూ రంగుల్లోనే ఉంది. కొత్తదాంట్లో కథను గోబీ ఎడారికి మార్చారు, కూలే దృశ్యం ఒళ్లు గగుర్పొడిచేలా తీశారు, కానీ ఇద్దరు మొండి మనుషుల మధ్య నలిగే ఆ నిశ్శబ్ద యుద్ధం అందులో పలచబడింది. పాతది చూసిన తరువాత ఓపిక ఉంటే చూడండి.

జవాబు
పాలిటెక్నిక్ లెక్చరర్, విజయనగరం

అందరికీ కృతజ్ఞతలు. మళ్లీ చూపించేటప్పుడు డార్ఫ్‌మన్ గుట్టు బయటపడిన చోట చిత్రాన్ని ఆపి, ‘ఇప్పుడు మీరు రెక్క మీద ఎక్కుతారా, ఎక్కకపోతే ఏమేమి తనిఖీ చేసి ఎక్కుతారు?’ అని కాగితం మీద రాయించాలని అనుకుంటున్నాను. ఆమదాలవలస సార్ చెప్పిన బిగింపుల సమస్యతో పాటు బరువు కేంద్రం లెక్క కూడా ఇస్తాను. అయితే స్టార్టర్ తూటా గురించి అడిగినదానికి ఇంకా సమాధానం రాలేదు.

జవాబు
వైమానిక దళ విశ్రాంత టెక్నీషియన్, ఆమదాలవలస

మన్నించాలి మాస్టారూ, మాంట్జ్ గురించి రాస్తూ అక్కడితో ఆపేశాను. అది కాఫ్‌మన్ స్టార్టర్. తుపాకీ తూటా లాంటి గుళిక పేలినప్పుడు పుట్టే వాయువు ఒక పిస్టన్‌ను నెట్టి, ఆ కదలికను తిప్పుడుగా మార్చి ఇంజన్‌ను కొద్ది చుట్లు తిప్పుతుంది. బ్యాటరీ లేని చోట ఇది వరం, కానీ గుళికకు ఒక్కటే అవకాశం. చిత్రంలో ఏడు గుళికలున్నాయి. మొదటి నాలుగూ వృథా అయ్యాక టౌన్స్ ఐదోదాన్ని ఇగ్నిషన్ ఆపేసి కాలుస్తాడు, డార్ఫ్‌మన్ గొంతు చించుకుంటాడు, ఆరోదానికి ఇంజన్ అందుకుంటుంది.

టౌన్స్ చేసినది నూటికి నూరు పాళ్లు సరైన పని. నాలుగుసార్లు విఫలమైన ఇంజన్ సిలిండర్లలో మండని పెట్రోలు చేరి మిశ్రమం మరీ చిక్కబడుతుంది. ఆ స్థితిలో ఎన్ని గుళికలు కాల్చినా అంటుకోదు. ఇగ్నిషన్ లేకుండా తిప్పితే లోపలిది బయటికి పోయి శుభ్రమైన గాలి చేరుతుంది. డార్ఫ్‌మన్ ఏడు అవకాశాల్లో ఒకటి పోయిందని లెక్క వేశాడు. మిగిలిన మూడూ ఎలాగూ పనికిరావని టౌన్స్‌కు తెలుసు. నమూనా విమానాలవాడికి, సిలిండర్లు చుట్టూ చక్రంలా అమరిన ఇంత పెద్ద రేడియల్ ఇంజన్ మొండితనం అనుభవంలోకి వచ్చే వీలు లేదు కనుక, కథ ఇక్కడ కూడా తన తర్కాన్ని తప్పలేదు.

నేనైతే గుళిక వేసే ముందు ప్రొపెల్లర్‌ను చేతులతో కొన్ని చుట్లు తిప్పించేవాడిని. ఆగి ఉన్న రేడియల్ ఇంజన్‌లో కింది సిలిండర్లలోకి నూనె దిగి నిలుస్తుంది. దాన్ని తీయకుండా బలంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మీ విద్యార్థులకు బరువు కేంద్రం లెక్క ఇచ్చేటప్పుడు రెక్కల మీద పడుకునే మనుషులను ఇరువైపులా సమానంగా పంచమని చెప్పండి, వారి బరువు ముందుకు పడాలా వెనక్కి పడాలా అన్నది మాత్రం చెప్పకండి. తోక బరువైతే ఏమవుతుందో వాళ్లే కనిపెట్టనివ్వండి. ఆ లెక్కలు పూర్తయ్యాక ఇక్కడ పెట్టండి, నేను దిద్దుతాను.